టెక్ సందేహాలు: చప్పుడు పోయింది, చారలు వచ్చాయి

ప్రశ్న: మా అక్క కూతురి గాత్ర కచేరీని మిర్రర్‌లెస్ కెమెరాతో సైలెంట్ మోడ్‌లో తీశాను. చాలా ఫొటోల్లో అడ్డంగా నల్లటి చారలు పడ్డాయి. సెన్సర్ పాడైందా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: సెన్సర్‌కు ఏమీ కాలేదు. గొడవంతా హాల్లోని ఎల్‌ఈడీ దీపాలది. మన కరెంటు 50 హెర్ట్జ్. దానిమీద వెలిగే చవక దీపాల వెలుగు సెకనుకు 100 సార్లు తగ్గి పెరుగుతుంది. అది కంటికి తెలియదు. సైలెంట్ మోడ్‌లో సెన్సర్ ముందుండే షటర్ తెర కదలదు. సెన్సర్‌ను కెమెరా వరుస తర్వాత వరుసగా చదువుకుంటూ పోతుంది. అందుకు సెకనులో 20వ వంతు పట్టిందనుకోండి, ఆలోపు దీపం 5 సార్లు మసకబారుతుంది. మీ చారలు అవే.

షటర్ వేగాన్ని సెకనులో 100వ వంతుకు, అంటే 1/100కు తెచ్చి చూడండి. ప్రతి వరుసకూ సమానంగా వెలుగు అందుతుంది కాబట్టి చారలు చాలావరకు పోతాయి. 1/50 కూడా పనిచేస్తుంది, కాకపోతే గాయని తల ఊపితే ముఖం అలుక్కుపోతుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కనుక అక్కడి తెలుగు సంఘాల వేడుకల్లో 1/60 గానీ 1/125 గానీ పెట్టుకోవాలి. వేదిక వెనుక ఎల్‌ఈడీ తెర ఉంటే మాత్రం ఈ లెక్క కుదరకపోవచ్చు.

ఇంకో చిక్కు మృదంగం దగ్గర వస్తుంది. వరుసలవారీగా చదవడం వల్ల వేగంగా కదిలే వేళ్లు వంకరగా పడతాయి. ఆలాపనకు సైలెంట్ మోడ్ ఉంచి, తని ఆవర్తనం (తాళవాద్యాలు మాత్రమే మోగే భాగం) మొదలుకాగానే తెర కదిలే మెకానికల్ షటర్‌కు మారడం నా పద్ధతి. ఆ మోతలో మీ క్లిక్కు ఎవరికీ వినపడదు. 2023లో సోనీ ప్రకటించిన ఏ9 మార్క్ 3 సెన్సర్ మొత్తాన్ని ఒకేసారి చదువుతుంది, దానికి ఈ వంకర లేదు. కానీ దాని ధర లక్షల్లో. ఇంటిపిల్ల కచేరీ కోసం కొనమని నేను చెప్పను.

చాలా కెమెరాల్లో సైలెంట్ మోడ్‌లో ఫ్లాష్ వెలగదు. మంచిదే. ఫోకస్ కోసం వెలిగే ఎర్ర దీపాన్ని మాత్రం మెనూలో వెతికి ఆపేయండి. చప్పుడు లేకుండా తీస్తూ గాయని కళ్లలోకి లైటు కొట్టేవాళ్లు ప్రతి సభలోనూ కనిపిస్తారు.

ప్రశ్న: నా పాత డీఎస్ఎల్ఆర్‌లోనూ సైలెంట్ మోడ్ ఉంది. అయినా టకటక వినిపిస్తోంది. ఎందుకు?

జవాబు: అందులో లెన్స్ వెలుగును మీ కంటికి చూపే అద్దం ఉంటుంది, ఫొటో తీసినప్పుడల్లా అది నిజంగానే పైకి లేచి దిగుతుంది. ఆ మోడ్ దాన్ని నెమ్మదిగా దింపుతుందంతే. లైవ్ వ్యూలో, అంటే కెమెరా వెనుక తెర మీద చూస్తూ తీస్తే అద్దం ముందే లేచి ఉంటుంది కాబట్టి కొంత నయం.