మే నెల క్యాంపు డబ్బు చూసి మార్చి ఈఎంఐ ఒప్పుకోవద్దు

ప్రశ్న: నా వయసు 38. హైదరాబాద్‌లో బాస్కెట్‌బాల్ కోచ్‌ని. రాష్ట్ర జట్టుకు ఆడాను, ఎన్ఐఎస్ (జాతీయ క్రీడా సంస్థ) కోచింగ్ డిప్లొమా చేశాను. ఒక ఇంటర్నేషనల్ స్కూలు జూన్ నుంచి ఏప్రిల్ దాకా నెలకు 42 వేలు ఇస్తుంది (10 శాతం టీడీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటారు). సాయంత్రాలు అపార్ట్‌మెంట్లలో బ్యాచ్‌లు నడుపుతాను. వేసవి క్యాంపుల మీద 2.4 లక్షలు వస్తాయి. అన్నీ కలిపితే సగటున నెలకు 83 వేలు. ఇంటి ఖర్చు 55 వేలు. భార్య గృహిణి, పిల్లలకు తొమ్మిదేళ్లు, ఐదేళ్లు. బ్యాంకులో 60 వేలు, మ్యూచువల్ ఫండ్లలో 3.4 లక్షలు ఉన్నాయి. నెలకు 8 వేలు సిప్ కడుతున్నాను. టర్మ్ పాలసీ (జీవిత బీమా) లేదు. ఆరోగ్య బీమా అంటే స్కూలు ఇచ్చే 3 లక్షల గ్రూపు పాలసీ ఒక్కటే. శంకర్‌పల్లి వైపు మూడేళ్ల లీజుకి స్థలం చూశాను, అద్దె నెలకు 25 వేలు. సొంత కోర్టు, అకాడమీకి 22 లక్షలు కావాలి. భార్య నగల మీద 9 లక్షలు, పర్సనల్ లోన్ 8 లక్షలు, ఫండ్ల నుంచి 3 లక్షలు, తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి 2 లక్షలు అనుకుంటున్నాను. నెలకు 28 వేలు మిగులుతోంది కాబట్టి వాయిదాలు కట్టగలననే ధైర్యం. స్థలానికి 50 వేలు అడ్వాన్సు ఇచ్చేశాను. మీ సలహా?

జవాబు: వద్దండి. ఈ ఏడాది వద్దు, ఈ అప్పులతో అసలే వద్దు.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. కోచ్‌లు, డ్యాన్సు మాస్టర్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు, పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్లు అందరూ ఇదే తప్పు చేస్తారు. సీజన్‌లో వచ్చిన డబ్బును పన్నెండుతో భాగించి, అదే తమ జీతం అనుకుంటారు. బ్యాంకు మాత్రం మీ సగటు చూడదు. ఐదో తారీకున ఖాతాలో ఎంత ఉందో చూస్తుంది.

మీరు జతచేసిన నెలవారీ వివరాలే తీసుకుందాం. వానాకాలం నాలుగు నెలలూ బ్యాచ్‌ల మీద మీకు వచ్చేది 20 వేల చొప్పున. అపార్ట్‌మెంట్ కోర్టులన్నీ ఆరుబయటే కదా, తడిసిన కోర్టు మీద పిల్లల్ని పరిగెత్తించలేరు. నవంబరు నుంచి జనవరి వరకు 45 వేలు చూస్తున్నారు. ఫిబ్రవరి నుంచి పరీక్షల హడావిడి. తొమ్మిది, పది తరగతుల పిల్లల్ని తల్లిదండ్రులు మాన్పించేస్తారు. మార్చిలో బ్యాచ్‌ల మీద 12 వేలే వచ్చిందని మీరే రాశారు.

ఆ మార్చి నెలనే చూడండి. టీడీఎస్ పోగా స్కూలు నుంచి 37,800, బ్యాచ్‌ల నుంచి 12,000, మొత్తం 49,800. ఇంటి ఖర్చు 55,000. అంటే ఏ అప్పూ లేని ఈ రోజు కూడా మార్చిలో మీకు 5,200 తగ్గుతోంది. ఇప్పుడు అప్పులు కలపండి. 8 లక్షల పర్సనల్ లోన్‌కు 15 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ సుమారు 19,030. నగల మీద తెచ్చే 9 లక్షలకు 10 శాతం చొప్పున వడ్డీ ఒక్కటే నెలకు 7,500. రెండు రూపాయల వడ్డీ అప్పు మీద ఇంకో 4,000. దీన్ని మీరు లెక్కలోనే వేసుకోలేదు, అది ఏడాదికి 24 శాతమని గుర్తున్నట్టు లేదు. పైన స్థలం అద్దె 25,000. అన్నీ కలిపితే మార్చిలో 60 వేల పైచిలుకు లోటు. వానాకాలంలో నెలకు 52 వేల పైచిలుకు. కొత్త కోర్టుకు పిల్లలు వస్తారు, నిజమే. కానీ మొదటి నెల నుంచే ఈ లోటు పూడ్చేంత మంది వస్తారని ఏ ఆధారంతో అనుకున్నారు? అదీ మీ ఇప్పటి బ్యాచ్‌లకు దూరంగా, శంకర్‌పల్లి వైపు?

ఆ లోటు నెలల్లో ఏం జరుగుతుందో నేను చాలా ఇళ్లలో చూశాను. క్రెడిట్ కార్డు మీద డబ్బు తీస్తారు, తర్వాత లోన్ యాప్, ఆ తర్వాత చిట్టీ పాట. నగలు ఏడాదికి విడిపించాలి. కుదరక వడ్డీ కట్టి తిరగరాయిస్తారు. మూడోసారికి వేలం నోటీసు ఇంటికి వస్తుంది. నగలు ఆవిడవి, నోటీసు చదివేదీ ఆవిడే.

స్థలం సంగతి కూడా చెబుతాను. కోర్టు గీతల లోపలే 28 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు. చుట్టూ రెండు మీటర్ల ఖాళీ కలిపితే దాదాపు 727 గజాలు. అంత నేల మీద కాంక్రీటు పోయించి, యాక్రిలిక్ కోటింగ్ వేయించి, పోల్స్ పాతించి, ఫ్లడ్‌లైట్లు పెట్టిస్తారు. అదీ మూడేళ్ల లీజులో, మీరు రాసినదాన్ని బట్టి నోటరీ కాగితం మీద. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాల్సిందే. రేపు యజమాని ఆ స్థలాన్ని బిల్డర్‌కు డెవలప్‌మెంట్‌కి ఇస్తే లైట్లు, బోర్డులు విప్పుకుపోగలరు. కాంక్రీటును ఏం చేస్తారు?

"కోచ్‌గా ఎదగాలంటే రిస్కు తీసుకోవాలి, ఎన్‌బీఏ కోచ్‌లను చూడండి" అని రాశారు. ఆ అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్‌నే చూద్దాం. డెన్వర్ నగెట్స్‌కు 2023లో టైటిల్ గెలిపించిన మైకేల్ మలోన్‌ను 2025 ఏప్రిల్‌లో, రెగ్యులర్ సీజన్‌లో ఇంకా మూడే మ్యాచ్‌లు ఉండగా తీసేశారు. మాంటీ విలియమ్స్‌తో డెట్రాయిట్ పిస్టన్స్ 2023లో ఆరేళ్లకు దాదాపు 7.85 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుని, ఒక్క సీజన్ కాగానే పంపేసింది. కోచ్ ఉద్యోగం అక్కడా గాలిలో దీపమే. తేడా ఏమిటంటే, విలియమ్స్‌కు ఒప్పందంలో మిగిలిన కోట్ల డాలర్లు క్లబ్బు కట్టాల్సిందే. మీ స్కూలు కాంట్రాక్టులో ఉన్నది ఒక నెల నోటీసు. ఆ ఇచ్చేది కూడా ప్రొఫెషనల్ ఫీజు కాబట్టి పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు.

మన దగ్గర లీగ్‌లు వస్తే కోచ్ కాంట్రాక్టు దొరుకుతుందన్న ఆశ కూడా మీ ఉత్తరంలో కనిపించింది. యూబీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్ 2015లో మొదలై 2017 తర్వాత ఆగిపోయింది. 2025 మొదట్లో జరిగిన ఐఎన్‌బీఎల్ ప్రో అనే మరో లీగ్‌లో హైదరాబాద్ ఫాల్కన్స్ ఆడింది, సంతోషమే. కానీ అది కొన్ని వారాల పని. అవకాశం వస్తే వెళ్లండి, దాన్ని నమ్ముకుని అప్పు మాత్రం చేయకండి. 2020 మార్చిలో స్కూళ్లు మూసినప్పుడు మీ వృత్తిలో ఎంతమందికి జీతం ఆగిందో నాకంటే మీకే ఎక్కువ తెలుసు.

మీకు ముందుగా కావాల్సింది అత్యవసర నిధి. ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు చాలంటాను. మీకు తొమ్మిది నెలలకు తగ్గకూడదు, అంటే సుమారు 5 లక్షలు. ఇప్పుడున్నది 60 వేలు, నెల ఖర్చు కంటే ఐదు వేలు ఎక్కువ, అంతే. మీ పని శరీరంతో చేసేది. లేఅప్ (పరుగున వచ్చి బంతిని బుట్టలో వేయడం) చూపిస్తూ మోకాలు మెలిక పడి లిగమెంటు తెగితే, ఆపరేషన్ తర్వాత మళ్లీ కోర్టులో పరిగెత్తడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో బ్యాచ్‌లు ఇంకో కోచ్ దగ్గరికి పోతాయి. స్కూలు కాంట్రాక్టు రెన్యూ కాకపోతే గ్రూపు పాలసీ కూడా దానితోనే పోతుంది. ఆరోగ్య బీమా అవసరమయ్యే సమయానికే అది చేతిలో ఉండదన్నమాట.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. మీ దీపం ఏప్రిల్, మే. ఈ వేసవి క్యాంపు డబ్బులోంచి 1.5 లక్షలు నేరుగా ఇంకో బ్యాంకులో, మీ ఇద్దరి పేరు మీద, ఏటీఎం కార్డు తీసుకోకుండా వేయండి. సిప్ ఏడాది పాటు ఆపి ఆ 8 వేలూ అక్కడికే మళ్లించండి. సిప్ ఆపమన్నందుకు నన్ను తిట్టేవాళ్లు ఉంటారు, తిట్టనివ్వండి. వచ్చే వేసవిలో మరో 1.5 లక్షలు. ఉన్న 60 వేలతో కలిపి 4.56 లక్షలు అవుతుంది. ఇంకో 46 వేలు స్కూలు పట్టుకున్న టీడీఎస్ రూపంలో ఉంది. మీ ఆదాయం 12 లక్షల లోపే కాబట్టి కొత్త పన్ను విధానంలో పన్ను పడదు. రిటర్ను వేస్తే ఆ డబ్బు వెనక్కి వస్తుంది. వేస్తున్నారో లేదో రాయలేదు. మీ పేరు మీద ఎంత టీడీఎస్ జమైందో చూపించే ఫారం 26ఏఎస్ తీసి చూడండి.

నిధి నిండేదాకా ఆగకుండా బీమా ఈ నెలలోనే తీసుకోవాలి. కోటి రూపాయల టర్మ్ పాలసీ, కుటుంబానికి 10 లక్షల సొంత ఆరోగ్య పాలసీ. రెండిటికీ ఏడాదికి 40 వేల చుట్టూ అవుతుందని నా అంచనా. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు. వీటితో పాటు, గాయంతో పని ఆగితే వారం వారం డబ్బు వచ్చే పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ ఒకటి చూడండి. ప్రపోజల్ ఫారంలో వృత్తి దగ్గర "టీచర్" అని రాయించే ఏజెంటు మాట వినకండి. "బాస్కెట్‌బాల్ కోచ్" అనే రాయండి. కొన్ని పాలసీల్లో ప్రొఫెషనల్ క్రీడల్లో తగిలిన గాయాలకు మినహాయింపు ఉంటుంది. శిక్షణ ఇస్తుండగా గాయమైతే క్లెయిమ్ వస్తుందా అని కంపెనీకి మెయిల్ పెట్టి, జవాబు రాతలో తీసుకోండి.

అమ్మాయి ఉంటే ఆమె పేరున సుకన్య సమృద్ధి పొదుపు ఖాతా, మీకు ఎన్‌పీఎస్ పింఛను ఖాతా లాంటివి నిధి నిండాక చూద్దాం. అకాడమీ కోరిక తప్పేమీ కాదు. ఏదైనా స్కూలు కోర్టును సాయంత్రాలు గంటల లెక్కన అద్దెకు తీసుకుని మొదలుపెట్టండి, పైకప్పు ఉన్నది దొరికితే వానాకాలం లోటు కూడా తగ్గుతుంది. రెండేళ్లు మార్చిలోనూ, జులైలోనూ పిల్లలు నిలబడితే అప్పుడు చిన్న వ్యాపారాలకు ఇచ్చే ముద్ర లోన్ గురించి మాట్లాడుకుందాం.

స్థలం యజమానికి ఈ వారంలోనే ఫోన్ చేసి వద్దని చెప్పేయండి. అడ్వాన్సు అడగండి, సగమే ఇస్తానన్నా తీసుకోండి. అసలు ఇవ్వనంటే, రెండు నెలల అద్దె పోయిందనుకుని వదిలేయండి. ఆ 50 వేల కోసం 22 లక్షల్లోకి దిగొద్దు.