పంపు బలం కాదు, నీటి దారి చూడండి

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. ఇంట్లో 75 గ్యాలన్ల రీఫ్ ట్యాంకు, అంటే కోరల్స్ (పగడాలు) పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టాం. నీటిని కదిలించే పంపులు (వేవ్‌మేకర్లు) రెండు ఫుల్ స్పీడులో తిరుగుతున్నా రాళ్ల వెనక ఇసుక మీద ఎర్రటి జిగురు పొర కడుతూనే ఉంది. ముందువైపేమో ఇసుక లేచిపోయి గుంట పడింది. వేళ్లలాంటి మెత్తటి కొసలుండే టార్చ్ కోరల్ ఎప్పుడూ ఒక పక్కకే వాలి, సగం ముడుచుకుని ఉంటోంది. ఇంకో పంపు కొనాలా?

జవాబు: ఇప్పుడే కొనకండి. నీళ్లకి వేగం చాలానే ఉంది, కానీ ఒకే దారిన పోతున్నాయి. సముద్రంలో అల వస్తుంది, వెనక్కి లాగుతుంది, రాయికి కొట్టుకుని చెదిరిపోతుంది. కోరల్ కదల్లేదు కాబట్టి ఆక్సిజన్, తిండి దాని దగ్గరికి రావాలన్నా, అది వదిలిన మలినం పోవాలన్నా ఆ నీటి కదలికే దిక్కు. అలాగని రోజంతా ఒకే వైపు నుంచి తోస్తే? టేబుల్ ఫ్యాన్‌కి ముఖం ఆనించి కూర్చోమన్నట్టే. పైగా టార్చ్ కింద ఉండే అస్థిపంజరం అంచు పదునుగా ఉంటుంది, మెత్తటి కండ దానికి ఒత్తుకుంటూ ఉంటే చిరుగుతుంది.

పంపులు రెండూ ఒకే గోడకి ఉంటే ఒకదాన్ని ఎదుటి గోడకి మార్చండి. ఒకటి పైకి దగ్గరగా పెట్టి కొంచెం పైకి తిప్పితే నీటి పైభాగం అల్లల్లాడుతుంది, గాలి మార్పిడి జరిగేది అక్కడే. రెండోది కాస్త కిందగా, రాళ్ల వెనక నుంచి నీళ్లు పారేలా పెట్టండి. ఏదీ సూటిగా కోరల్‌కి గానీ ఇసుకకి గానీ తగలకూడదు, రెండు ధారలూ మధ్యలో గుద్దుకుని చెదరాలి. కంట్రోలర్ ఉంటే స్పీడు తగ్గించి, ఒకటి పెరిగినప్పుడు రెండోది తగ్గేలా పెట్టుకోండి. రాళ్లు వెనక అద్దానికి ఆనుకుని ఉంటే మాత్రం ఎన్ని పంపులు పెట్టినా దండగే, రెండు మూడు అంగుళాలు ముందుకి జరపాల్సిందే.

టార్చ్ లాంటివాటికి గంటకి ట్యాంకు నీటికి 10 నుంచి 20 రెట్లు కదిలితే సరిపోతుంది, అంటే మీకు 750 నుంచి 1500 గ్యాలన్లు. అక్రోపోరా అనే కొమ్మల్లాంటి రాతి కోరల్ పెంచేవాళ్లు 40 రెట్ల దాకా, ఇంకా పైకి కూడా వెళ్తారు, ఆ లెక్క మీకెందుకు?

తిండి వేసినప్పుడు ఆ నలుసులు ఎక్కడ ఆగిపోతున్నాయో చూడండి. ఎర్ర పొర (సయనోబ్యాక్టీరియా అనే సూక్ష్మజీవులు) పట్టేది సాధారణంగా అక్కడే. పంపుని వేలెడంత తిప్పి ఒక రోజు ఆగి, మళ్లీ చూడండి. తిండి ఎక్కువవుతున్నా ఆ పొర వదలదు, అదీ తగ్గించండి. రాత్రిపూట పంపులు ఆపేసే అలవాటుంటే మానుకోండి, లైట్లు ఆరాక ఆక్సిజన్ తయారీ ఆగిపోతుంది కాబట్టి కదలిక అవసరం అప్పుడే ఎక్కువ.

ప్రశ్న: హైదరాబాద్‌లో మేమూ ఇలాంటి ట్యాంకు పెట్టుకోవచ్చా?

జవాబు: చేపలతో అయితే పెట్టుకోండి. రీఫ్ కట్టే రాతి కోరల్స్ మాత్రం వద్దు, వాటిని 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో, అంటే గట్టి రక్షణ ఉన్న జీవుల జాబితాలో, చేర్చారు. షాపువాడు ‘ఏం కాదు సార్’ అన్నా సరే. కృత్రిమ రాళ్లు, ఒక జత క్లౌన్ చేపలు చాలు. నీటి కదలిక వాటికీ కావాలి, వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ నిలుస్తుంది కాబట్టి ఎండాకాలంలో మరీనూ. కరెంటు పోతే పనికొచ్చేలా బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ముందే కొని పెట్టుకోండి.