తిరుపతిలో మతిమరుపు ఉన్న పెద్దవారు తప్పిపోతే అమెరికాలోని ‘సిల్వర్ అలర్ట్’ వంటి ఏర్పాటు ఏదైనా ఉందా?

దేశవ్యాప్తంగా అటువంటి ఏర్పాటు మనకు లేదు. సిల్వర్ అలర్ట్ అంటే తప్పిపోయిన పెద్దవారి గురించి ప్రజలను అప్రమత్తం చేసే ప్రకటన; అమెరికాలో దానిని రాష్ట్రాలే నడుపుతాయి. 2008లో మొదలైన ఫ్లోరిడా పథకంలో, డిమెన్షియా వంటి సమస్య ఉన్న వ్యక్తి కారు నడుపుకుంటూ వెళ్ళి కనిపించకుండా పోతే, పోలీసులు నిర్ధారించుకున్న తరువాత ఆ కారు వివరాలను రహదారులపైని ఎలక్ట్రానిక్ బోర్డులలో చూపిస్తారు. ఇక్కడ పెద్దవారు జనంలో నడుస్తూనో, కంటికి కనిపించిన బస్సెక్కో వెళ్ళిపోతారు గనుక, ఆ పద్ధతిని యథాతథంగా తెచ్చుకున్నా పెద్దగా అక్కరకు రాదని నా అభిప్రాయం.

తప్పిపోయారని తెలిసిన వెంటనే 112కు ఫోన్ చేయాలి. ఇరవై నాలుగు గంటలు ఆగాలన్న నియమం ఏదీ లేదు. తిరుమలలోనైతే దేవస్థానం నిఘా సిబ్బందికి చెప్పి మైకులో ప్రకటన చేయించవచ్చు. అయితే తన పేరే గుర్తులేని మనిషి ఆ ప్రకటన విని వస్తారని ఆశించలేము కాబట్టి, పక్కనున్న భక్తులు పోల్చుకోగలిగేలా చీర రంగు, చేతికర్ర, మాట్లాడే భాష వంటి ఆనవాళ్ళు అందులో ఉండాలి.

చాలామందికి తట్టని విషయం ఒకటుంది. తలనీలాలు సమర్పించిన తరువాత, ఫోనులోని పాత ఫొటోకూ ఎదుటి మనిషికీ పోలికే ఉండదు; గుండుతో, గంధంతో ఉన్న వేలమందిలో పోలీసులైనా ఎలా గుర్తుపడతారు? కల్యాణకట్ట నుంచి బయటికి రాగానే, కట్టుకున్న బట్టలు కూడా కనిపించేలా కొత్త ఫొటో ఒకటి తీసుకోవాలి. ఇంటివారి ఫోన్ నంబరు రాసిన చీటీని జేబులో పెట్టడం కన్నా, దానిని లోపలి బట్టకు కుట్టడం మేలు.