బీజగణితం ట్యూషన్‌కు ఏడాది ఈఎంఐ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి సీబీఎస్‌ఈ పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది. బీజగణితంలో బాగా వెనకబడింది. ఆన్‌లైన్‌లో విడిగా ఒక్కరికే పాఠం చెప్పే సంస్థ ఒకటి 96 క్లాసులకు రూ.67,200 అడుగుతోంది. నెలకు రూ.5,600 చొప్పున 12 నెలలు వడ్డీ లేని ఈఎంఐ కట్టవచ్చంటున్నారు. నాకు జీతం రూ.48,000 చేతికొస్తుంది. ఇంటర్ ఫీజు కోసం కడుతున్న రూ.4,000 రికరింగ్ డిపాజిట్ ఆపేసి చేర్పించవచ్చా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పాపకు ట్యూషన్ పెట్టించండి, కానీ ఈ ఈఎంఐ ఒప్పందంపై సంతకం చేయవద్దు. సీబీఎస్‌ఈ పదో తరగతి గణితంలో 80 మార్కుల రాతపరీక్షకు బీజగణితం వాటా 20 మార్కులు. త్రికోణమితి, నిరూపక జ్యామితి లెక్కల్లోనూ చివరకు సమీకరణాలనే సాధించాలి కాబట్టి ఇప్పుడే సరిదిద్దాలన్న మీ ఆలోచన సరైనదే.

అయితే 96 క్లాసులు కావాలని ఎవరు తేల్చారో ఆలోచించండి. ముందుగా పాప చేత ఎనిమిదో తరగతి సమీకరణాలు ఓ పది చేయించి, ప్రతి మెట్టూ పైకి చెప్పమనండి. ఉదాహరణకు 3(ఎక్స్ − 4) = 2ఎక్స్ + 5 అనే లెక్కలో ఎడమవైపు 3ఎక్స్ − 12 రావాలి. చాలామంది పిల్లలు 3తో ఎక్స్‌ను మాత్రమే గుణించి 3ఎక్స్ − 4 అని రాస్తారు, దాంతో 17 రావలసిన జవాబు 9 అవుతుంది. తప్పులు ఇలా బ్రాకెట్ల దగ్గరో, పక్షం మార్చినప్పుడు గుర్తు మార్చడంలోనో ఉంటే, ఓపికగల ఉపాధ్యాయుడు పక్కనుండి చూస్తూ దిద్దితే రెండు మూడు నెలల్లో దారిలో పడవచ్చు. విడిగా చెప్పించుకోవడంలో అసలు లాభం ఈ దిద్దుబాటే.

ఇక డబ్బు సంగతి. వారు చెప్పిన ధర క్లాసుకు రూ.700 అవుతుంది. అదే సంస్థనో, మరో మంచి ఉపాధ్యాయుడినో నెలనెలా చెల్లించే పద్ధతి అడగండి. క్లాసుకు రూ.900 తీసుకున్నా, నెలకు 8 క్లాసుల చొప్పున మూడు నెలలకు అయ్యేది రూ.21,600 మాత్రమే. క్లాసు ధర ఎక్కువైనా మొత్తం ఖర్చు మూడో వంతుకు తగ్గుతుంది, పైగా పాఠం నచ్చకపోతే మరుసటి నెలే మానుకోవచ్చు. నెలకు రూ.7,200 బరువనిపిస్తే వారానికి ఒక్క క్లాసే పెట్టించి, మిగతా రోజుల్లో ఎన్‌సీఈఆర్‌టీ అభ్యాసాలు చేయించండి. ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక దీక్షాలో పాఠాలు ఉచితంగానే ఉన్నాయి.

వడ్డీ లేని ఈఎంఐ అన్నా అది మీ పేరిట ఓ ఆర్థిక సంస్థ ఇచ్చే అప్పే. సాధారణంగా ఆ సంస్థ మొత్తం సొమ్మును ట్యూషన్ కంపెనీకి ముందే చెల్లిస్తుంది. పాప రెండో నెలలో మానేసినా మీ ఖాతా నుంచి వాయిదా కోత ఆగదు, ఆపితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది. తల్లిదండ్రులకు తెలియకుండా ఆటో డెబిట్ సమ్మతి తీసుకుంటున్న తీరుపై కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే హెచ్చరించింది. పైగా ఆదాయపు పన్ను మినహాయింపు పాఠశాల, కళాశాల ట్యూషన్ ఫీజుకే గానీ ప్రైవేటు ట్యూషన్‌కు వర్తించదు.

రికరింగ్ డిపాజిట్‌ను మాత్రం కదిలించవద్దు. దాన్ని ఆపినా ఈఎంఐకి నెలకు ఇంకో రూ.1,600 వెతుక్కోవాలి. ఏడాది ఆపితే ఇంటర్ ఫీజు నిధిలో రూ.48,000 లోటు పడుతుంది, ఆ ఫీజు కట్టాల్సిన గడువు రెండేళ్లలోపే వచ్చేస్తుంది.

ఒకవేళ ఇప్పటికే ఆన్‌లైన్‌లో సమ్మతి ఇచ్చి ఉంటే, రుణపత్రంలో కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో ఈరోజే చూడండి. రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణ నిబంధనల ప్రకారం ఆ గడువులోగా అసలు, అన్ని రోజులకైన వడ్డీ చెల్లించి జరిమానా లేకుండా అప్పు నుంచి బయటపడవచ్చు. ట్యూషన్ సంస్థ డబ్బు వెనక్కి ఇవ్వడానికి నిరాకరిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.