మోత ఆపే రేకు ఏది? అల్యూమినియం మాత్రం కాదు

ఆంప్లిఫయర్ పెట్టెలో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మైకు బోర్డు పెట్టారు, గుంయ్‌మని మోత వస్తోంది. మధ్యలో అల్యూమినియం రేకు అడ్డం పెట్టినా తగ్గలేదు కాబట్టి రాగిదో, స్టీలుదో కొనాలా అని అడిగారు. ఇప్పుడే డబ్బు పెట్టకండి. కావలిలో సౌండు సెట్లు బాగుచేసే నేనూ ఒకప్పుడు ఈ తప్పే చేశాను.

తుమ్మలపెంట వైపు ఒక ఊరి రామాలయం సెట్టు, శ్రీరామనవమి ఇంకా రెండు రోజులే. అల్యూమినియం రేకు పెట్టాను, దాని మీద ఇంకొకటి పెట్టాను. మోత మోతే. విసుగొచ్చి, స్క్రూలు వేసుకునే బిస్కెట్ డబ్బా మూత తీసి ట్రాన్స్‌ఫార్మర్‌కూ బోర్డుకూ మధ్య జారవిడిచాను. మోత ఠక్కున తగ్గింది. మూత తీస్తే మళ్లీ మొదలు. పావుగంట సేపు చిన్నపిల్లాడిలా తీస్తూ, పెడుతూ కూర్చున్నాను.

ఆ మోత ట్రాన్స్‌ఫార్మర్ చుట్టూ పరుచుకునే అయస్కాంత క్షేత్రం వల్ల వస్తుంది. దానికి గట్టు వేసి ఆపలేం. పొలంలోకి నీరు రాకూడదంటే పక్కన లోతుగా బోదె తవ్వినట్టు, అది సులువుగా పారిపోయే దారి చూపాలి. ఆ దారి ఇనుము, నికెల్ మిశ్రమాల్లో ఉంటుంది, ఆ డబ్బా మూతా ఇనుమే; రాగి, అల్యూమినియాల్లో ఉండదు. అవి పనిచేసేది, మారే క్షేత్రం వల్ల తమలో పుట్టి సుడుల్లా తిరిగే విద్యుత్తు వల్ల. మన ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ దగ్గర అది గట్టిగా అడ్డుపడాలంటే రాగి సుమారు 9 మిల్లీమీటర్లు, అల్యూమినియం 12 మిల్లీమీటర్లు మందం ఉండాలి. రేడియో తరంగాలకైతే పలుచని రేకే చాలు, అందుకే మీ అల్యూమినియాన్ని పారేయకండి.

స్టీలు అన్నారు కదా, వంటింటి స్టీలు కాదు. జేబులో చిన్న అయస్కాంతం వేసుకుని దుకాణానికి వెళ్లండి. గట్టిగా అతుక్కున్న మామూలు ఇనుప రేకు, ఒకటిన్నర మిల్లీమీటర్లది, తీసుకోండి. పాత ట్రాన్స్‌ఫార్మర్ స్టాంపింగులు, అంటే దాని లోపల పేర్చే పలుచని రేకులు, దొరికితే ఇంకా మేలు, అవి సిలికాన్ ఉక్కు.

అన్నిటికంటే గొప్పది మ్యూ మెటల్. దాదాపు 80 శాతం నికెల్, మిగిలినదాంట్లో ఎక్కువ ఇనుము. 1923లో సముద్రగర్భ టెలిగ్రాఫ్ తీగల కోసం కనిపెట్టారు. నెల్లూరులో పాత సామాన్ల దుకాణంలో ఆసిలోస్కోపు (విద్యుత్ తరంగాలను తెర మీద చూపే పరికరం) గొట్టానికి వేసే మ్యూ మెటల్ తొడుగు దొరికితే మురిసిపోయి తెచ్చాను. కత్తిరించి, దాగలి మీద సుత్తితో చదును చేసి డబ్బాలా వంచాను. ఆ డబ్బా బిస్కెట్ మూతకంటే పెద్దగా మేలు చేయలేదు! వంచినా, కొట్టినా, కింద పడేసినా దాని గుణం పోతుంది. మళ్లీ రావాలంటే హైడ్రోజన్ కొలిమిలో వెయ్యి డిగ్రీలు దాటించాలి. పైగా బలమైన క్షేత్రంలో అది త్వరగా నిండిపోతుంది: ఇనుము సుమారు 2 టెస్లాల (అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే ప్రమాణం) దాకా ఓర్చుకుంటే, ఇది 0.8కే చేతులెత్తేస్తుంది. అందుకే కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఇనుము, మైకు శబ్దం లోపలికి వచ్చే చోట ఉండే చిన్న ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద తయారుగా దొరికే మ్యూ మెటల్ టోపీ.

మీరు రేకు కత్తిరించే ముందు కరెంటు తీసేసి, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టు వదులు చేసి, దాన్ని కొద్దిగా తిప్పి, మళ్లీ కరెంటు ఇచ్చి వినండి; ఇలాగే కొద్దికొద్దిగా తిప్పి చూడండి, తిప్పే ప్రతిసారీ కరెంటు తీసేసే. ఒక కోణంలో మోత బాగా పడిపోతుంది. వీలైతే బోర్డును పెట్టె అవతలి మూలకు జరపండి. దూరం రెట్టింపైతే క్షేత్రం దాదాపు ఎనిమిదో వంతుకు దిగుతుంది. ఇంకా మిగిలితేనే ఇనుప పెట్టె, మూలల్లో సందు లేకుండా అంచులు ఒకదాని మీద ఒకటి ఎక్కించి. రామాలయం సెట్టులో ఆ డబ్బా మూత ఇప్పటికీ అలాగే ఉంది, నెమలి బొమ్మతో సహా.