పదకొండో పేజీ గురించి

నల్లగొండ

బిడ్డా,

వనపర్తి నుంచి నువ్వు టెక్‌లో (లెక్కలను అచ్చుకు కూర్చే కంప్యూటర్ ప్రోగ్రాంలో) కూర్చి పంపిన వర్గ సమీకరణాల అధ్యాయం చదివాను. ఉదాహరణలు బాగున్నాయి. పదకొండో పేజీకి వచ్చేసరికి మాత్రం కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాను.

ఆ నిరూపణ తొమ్మిది వరుసలు. నాలుగో వరుస కింద 'అందువల్ల' అని రాయడానికి, సమాన గుర్తులను ఒకదాని కింద ఒకటి నిలిపే అలైన్ ఆదేశాన్ని మూసేసి, మళ్లీ కొత్తది తెరిచావు. ప్రతి అలైన్ తన వరుసల వెడల్పును బట్టి పేజీ నడిమికి చేరుతుంది. అందుకే పై నాలుగు సమాన గుర్తులు ఒకచోట, కింది అయిదు బెత్తెడు ఎడంగా ఉన్నాయి. చదివే పిల్లలు దిగుడుబావి మెట్లు దిగినట్టు సమాన గుర్తుల వెంబడే లెక్కలోకి దిగుతారు. నడుమ మెట్టు జరిపేస్తే ఎలా? ఆ 'అందువల్ల'ను, అలైన్ మూయకుండానే నడుమ మాట రాయనిచ్చే ఇంటర్‌టెక్స్ట్‌లో పెట్టు, వరుస చెదరదు.

వరుసలు ఎక్కడ కలవాలో టెక్‌కు చెప్పే ఆంపర్సండ్ (&) సమాన గుర్తుకు ముందుండాలి. నువ్వు తర్వాత పెట్టావు కాబట్టే గుర్తు కుడిపక్క పదానికి అతుక్కుపోయింది. ఏడో వరుసను ప్లస్‌కు ముందు విరువు. కొత్త వరుస ప్లస్‌తో మొదలైతే లెక్క ఇంకా సాగుతోందని తెలుస్తుంది. రెండో పేజీలో టిల్డాలు (ఖాళీ జాగా వదిలే ~ గుర్తులు) గుద్ది వరుస కలపబోయావే, అది చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

నా మొదటి పుస్తకాన్ని గడియారం సెంటర్ దగ్గర ఒక ప్రెస్సులో సీసపు అక్షరాలతో కూర్చారు. కాగితం దండగని సంపాదకుడు మూడు వరుసలను ఒక్కదాంట్లో కుక్కించాడు. ఆ ఇరుకులో ఒక మైనస్ రాలిపోయింది. ప్రూఫు దిద్దింది నేనే, నాకూ కనబడలేదు. ఏడాది పొడుగునా పిల్లలు ఆ లెక్క దగ్గర తల పట్టుకున్నారు. ఇప్పటి సంపాదకులది ఇంకో తీరు: సమీకరణాన్ని ఫొటో తీసి అతికించమంటారు!

కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1977లో తన పుస్తకం రెండో సంపుటం ప్రూఫులు చూసి, ఆ అచ్చు నచ్చక, టెక్ తయారీకి పూనుకున్నాడు. ఏడాదిలో ముగుస్తుందనుకున్న పని దాదాపు పదేళ్లు సాగింది. మనిషికి అంత పట్టింపు ఉండాలి. నేను ఆ రోజు ప్రెస్సులో నోరు విప్పలేదు.

ఫాంటు గురించి, ప్రచురణకర్తల గురించి అడిగావు. వాటికి ఇంకా తొందర లేదు. పదకొండో పేజీ సరిచేసి పంపు. పీడీఎఫ్ వద్దు, టెక్ ఫైలే పంపు. ఆంపర్సండ్లు ఎక్కడున్నాయో నేను చూసుకోవాలి.