జ్ఞానేశ్వరి పేరు అలాగే రాయండి

ప్రశ్న: మా మనుమరాలి పేరు జ్ఞానేశ్వరి. 2018 ఫిబ్రవరిలో పుట్టింది. అప్పుడు ఇంటి గ్రూపులో పేరు తెలుగులో పెట్టబోతే, దుబాయిలో ఉన్న మా చిన్నోడు "ఆ అక్షరం పంపకండి, నా ఐఫోన్ ఆగిపోతది" అన్నాడు. అప్పటి నుంచి అందరం 'గ్నానేశ్వరి' అనే రాస్తున్నాం. ఇప్పుడు బడి గ్రూపులో కూడా అదే పడింది. మన అక్షరంలో నిజంగా ఏమన్నా దోషం ఉందా?
– ఒక అమ్మమ్మ, దేవరకొండ

జవాబు: అమ్మా, అక్షరంలో ఏ దోషమూ లేదు. మీ చిన్నబ్బాయి చెప్పిందీ అబద్ధం కాదు. ఆ నెలలో 'జ్ఞా' ఉన్న ఒక మెసేజ్ తిరిగింది. అది వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ మూసుకుపోయేది, తెరిస్తే మళ్లీ మూసుకుపోయేది.

మనకు జ్ఞా ఒక్క అక్షరమే. ఫోన్ మాత్రం దాన్ని జ, పొల్లు, ఞ, దీర్ఘం అని విడివిడిగా దాచుకొని, చూపించేటప్పుడు కూర్చుకుంటుంది. ఆ మెసేజ్‌లో ఞకూ దీర్ఘానికీ నడుమ కంటికి కనబడని గుర్తు ఇంకొకటి ఉంది. అక్షరాలు కలిసిపోకుండా ఆపడానికి వాడే గుర్తు అది. అక్కడే ఐఫోన్ కూర్పు తప్పింది. కొన్ని బెంగాలీ అక్షరాలతోనూ ఇలాగే జరిగింది. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. మనం మామూలుగా టైప్ చేసే జ్ఞాలో ఆ గుర్తు ఉండనే ఉండదు.

అప్పట్లో నేను నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నెట్ సెంటర్ నడిపేవాణ్ణి. ఒక పెళ్లికొడుకు పేరు విజ్ఞాన్. శుభలేఖలో పేరు మార్చమని వాళ్ల నాన్న అడిగితే నాకు ప్రాణం ఒప్పలేదు. శుభలేఖను ఫొటోగా చేసి పంపించాను. ఫొటోలో ఫోన్ కూర్చుకోవాల్సిన అక్షరాలు ఉండవు కదా, ఎవరి ఫోనూ ఆగలేదు.

బడిలో మాత్రం ఆలస్యం చేయకండి. గ్రూపులోనే కాదు, రిజిస్టర్‌లో ఏమని ఉందో టీచరమ్మను అడిగి చూడండి. అక్కడ తప్పు ఉంటే రేపు పదో తరగతి మెమో దాకా వెళ్తుంది. అంత మంచి పేరు పెట్టుకున్నారు, పాప దాన్ని సరిగ్గా రాయడం నేర్చుకోవాలి.

ప్రశ్న: ఒక వెబ్‌సైట్‌లో మా నాన్న పుట్టిన తేదీ 01-01-1970 అని చూపిస్తున్నది. ఆయన పుట్టింది 1958లో. ఎవరైనా మార్చారా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకుడు, జడ్చర్ల

జవాబు: ఎవరో మార్చి ఉండే అవకాశం తక్కువ తమ్ముడూ. చాలా కంప్యూటర్లు కాలాన్ని 1970 జనవరి 1 నుంచి సెకన్లలో లెక్కపెడతాయి. తేదీ గడి ఖాళీగా ఉంటే కొన్ని సైట్లు దాన్ని సున్నా అనుకుంటాయి. సున్నా అంటే మన గడియారం ప్రకారం ఆ రోజు పొద్దున 5:30. అదే సున్నా అమెరికా టైములో 31-12-1969 అవుతుంది.

అయితే మన పల్లెల్లో పుట్టినరోజు జనవరి 1 అని నిజంగానే కాగితాలకెక్కిన పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. అందుకే ఆఫీసు కౌంటర్‌లో ఉన్నవాళ్లకు ఈ తేదీ చూసి అనుమానం రాదు. 'వివరాలు సరైనవే' అనే బటన్ ఇప్పుడే నొక్కకండి. స్క్రీన్‌షాట్ తీసుకొని, నాన్నగారి ఆధార్ జిరాక్స్‌తో ఆ ఆఫీసుకు వెళ్లి, ముందుగా సరైన తేదీ ఎక్కించమనండి.